మునిరత్నమ్మ సంగటి తెడ్డు

కొండమీద స్వామి ముందు తల వంచితే జుట్టు పోతుంది. కొండకింద మా అవ్వ మునిరత్నమ్మ ముందు తల వంచకపోతే తలే పోతుంది. తిరుపతిలో లెక్కలోకి వచ్చేది ఈ ఇద్దరే. పోలీసులూ లాయర్లూ వీళ్ళ తరువాతే. శ్రీహరికోటలో రాకెట్టు వదిలే ముందు కూడా, మా అవ్వ ఆరుబయట లేదు కదా అని కనుక్కునే వదిలేవాళ్ళట, ఎందుకైనా మంచిదని.

మనిషి మాత్రం నాలుగడుగుల పది అంగుళాలు. నిలబడితే ఆమె తెడ్డు ఆమె భుజం దాకా వచ్చేది.

పుట్టింది పలమనేరు దగ్గర పల్లెలో. భర్త కుప్పయ్య రోజూ తాగేవాడు, రోజూ కొట్టేవాడు. ఆరేళ్ళు పడింది. ఏడో ఏట ఒక పొద్దున, పొయ్యిలో మండుతున్న కట్టె తీసి అతని వీపున అంటించి, ఆ కేకలు ఆగకముందే రోడ్డు మీదికి వచ్చి బస్సెక్కింది. తిరుపతిలో ఆడపిల్లల అనాథాశ్రమంలో వంటపని దొరికింది. అరవైమందికి రోజూ రాగిసంగటి గెలికేది. చింతకట్టెతో చేసిన తెడ్డు, ఇంతలావు. పదమూడేళ్ళు సంగటి గెలికిన చేయి ఎలా ఉంటుందో నా చెవికి తెలుసు, నా వీపుకి తెలుసు.

ఆశ్రమంలో ఒక పద్ధతి ఉండేది. పద్దెనిమిది నిండిన పిల్లను ఏప్రిల్ నెలాఖరుకు పంపేయాలి. రెండు చీరలు, ఒక సత్తుపళ్ళెం ఇస్తారు. రిజిస్టరులో సంతకం పడుతుంది, గేటు మూసుకుంటుంది. గంట కొడితే లేచి, గంట కొడితే తిన్న పిల్లలు వాళ్ళు. కిలో టమోటాలు ఎంతో తెలియదు. కిరసనాయిలు స్టవ్వు ముట్టించడం రాదు. లోపలనుంచి గడియ పెట్టుకునే తలుపు ఎరగరు. అలా బయటికొచ్చిన ఒక పిల్ల కూరగాయల అంగడికి పోయి, తీసుకో అని ఎవరైనా చెబుతారేమోనని మధ్యాహ్నం దాకా నిలబడి, ఖాళీ సంచితో తిరిగి వచ్చిందట.

అది చూశాక అవ్వ అలాంటి పిల్లలను కొర్లగుంటలో తన రెండు గదుల ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. పని దొరికేదాకా ఉండాలి. దొరికాక మూడు నెలలుండి వెళ్ళిపోవాలి. వెళ్ళాక ఎవడైనా చెయ్యి చేసుకుంటే తిరిగి రావాలి. బస్సెక్కడం, బ్యాంకులో పుస్తకం తెరవడం, ముక్కు మీద గుద్దడం ఆమే నేర్పేది.

1982లో జ్ఞానాంబ వంతు వచ్చింది. జ్ఞానాంబ మా అమ్మ. అంటే రక్తం లెక్కన అవ్వ నాకు ఏమీ కాదు. ఈ మాట ఆమె ముందు ఒక్కసారే అన్నాను. చెవి మూడు రోజులు మోగింది.

అమ్మకు ఆసుపత్రిలో ఆయా పని ఖాయమైంది. సరిగ్గా అప్పుడే దేవరాజులు ఊడిపడ్డాడు. అమ్మకు మేనమామ. అక్క చచ్చిపోతే ఏడేళ్ళ పిల్లను ఆశ్రమం గేటు దగ్గర వదిలి వెళ్ళినవాడు, పదకొండేళ్ళు ఇటు తొంగిచూడనివాడు. నలభై ఏళ్ళుంటాయి. వస్తూ ఒక కొత్త చీర, పసుపుకొమ్ము కట్టిన దారం తెచ్చాడు.

"నా అక్క కూతురు. నా హక్కు," అన్నాడు వార్డెన్ గదిలో కూర్చుని. "ఇంట్లో ఒకతి ఉండాది గానీ, దానికి పిల్లల్లేరు."

అవ్వ వంటింట్లోంచి తెడ్డుతోనే వచ్చింది. "పదకొండేండ్లు యాడ దాచి పెట్టుంటివి అబ్బా నీ హక్కు? అటకమీదనా?"

"నువ్వు సంగటి సూసుకో పో మే."

వార్డెన్ శకుంతలమ్మ చెడ్డమనిషి కాదు. బయటికి పంపిన పిల్లకు ఒక దిక్కు దొరికితే చాలనుకునే మనిషి. "మేనమామ రత్నమ్మా. కాదనేదానికి మనమెవరం? రేపు పొద్దున సంతకం పెట్టి తీసుకుపోతాడు," అంది.

గోడకు ఆనుకుని నిలబడ్డ అమ్మ, "నేను పోను. నాకు పని దొరికింది," అంది.

దేవరాజులు లేచి నిదానంగా నడిచి వచ్చి, చెంప మీద కొట్టాడు. అమ్మ పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారింది. "ఈడ ఒకటి. మిగిలినవి ఇంటికాడ," అన్నాడు.

అవ్వ అప్పుడు చెయ్యెత్తలేదు. మధ్యాహ్నం వార్డెన్ భోజనానికి వెళ్ళాక రిజిస్టరు వంటింట్లోకి పట్టుకొచ్చింది. "తీసుకుపోయేవాళ్ళు అని ఉండాదే, ఆ గడిలో నీ పేరే రాయి," అంది. అమ్మ జ్ఞానాంబ అని రాసి, పక్కన సంతకం పెట్టింది. ఇద్దరూ వెనక తలుపులోంచి బయటపడ్డారు. పదమూడేళ్ళ ఉద్యోగం ఆ తలుపు దగ్గరే పోయింది.

మరునాడు దేవరాజులు ఇద్దరు మనుషులతో కొర్లగుంటకు వచ్చాడు. తలుపు తన్ని తెరిచారు. అవ్వ మొదటి దెబ్బ అతని నోటి మీద వేసింది. రెండో దెబ్బకు చెయ్యెత్తేలోపు అతను ఆమె ఎడమచెయ్యి పట్టుకుని వెనక్కి విరిచాడు. కట్టెపుల్ల విరిగినట్టు శబ్దం వచ్చిందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అవ్వ మాత్రం అరవలేదు, విరిగిన చెయ్యి అతని చేతిలో ఉండగానే వాడి బొటనవేలు కొరికింది. వీధి వీధంతా పోగైతే, దేవరాజులు మూడు అడుగులు వెనక్కి వేసి చెప్పాడు. "మేనమామను. యాడికి పోయినా నాదే. నలుగురి ముందరే ఎత్తుకుపోతా, సూస్తా ఉండు."

పోలీసు స్టేషనులో రాసుకునే ఆయన అవ్వ చేతికి కట్టిన కట్టు చూసి, ఎంత ఖర్చయిందని అడిగాడు. మేనమామ సంగతి విని, ఇంటి గొడవ ఇంట్లో తేల్చుకోండి అన్నాడు.

పదిరోజులు గడిచాయి. గంగమ్మ జాతర వచ్చింది. తోటి వేషం రోజున తిరుపతి మగవాళ్ళు ఒళ్ళంతా బొగ్గుపొడి పూసుకుని, వేపమండలు కట్టుకుని, ఎదురైనవాణ్ణల్లా బూతులు తిడుతూ గుడికి పోతారు. ఆ రోజు తిట్టు తిట్టు కాదు, తల్లికి మొక్కు. ఎవరూ కోపగించుకోకూడదు. కన్నతల్లి అయినా ఆ బొగ్గులో కొడుకు ముఖాన్ని పోల్చుకోలేదు.

అమ్మ కుళాయి దగ్గర బిందె నింపుతోంది. నల్లటి మనుషులు ముగ్గురు చుట్టుముట్టారు. ఒకడు జుట్టు పట్టాడు, ఒకడు నడుము పట్టి ఎత్తాడు. అమ్మ అరిచింది. వీధి నవ్వింది. ఆమె కాళ్ళు కొట్టుకుంటుంటే ఒకాయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఒక ముసలామె చేతులు జోడించి దండం పెట్టింది. అంతా వేషంలో భాగమనుకున్నారు. మోకాళ్ళు రోడ్డుకు గీసుకుపోయి అమ్మ చీర అంచు ఎర్రబడుతోంటే, చూసినవాళ్ళు అది కుంకుమ అనుకున్నారట.

ఆ ఊళ్ళో ఒక్కడికే అనుమానం వచ్చింది. సైకిలు అంగడి ఆదిమూలం. తనూ వేషంలోనే ఉన్నాడు, తనూ నిలువెల్లా నలుపే. పరుగెత్తి పోయి అమ్మను పట్టి లాగుతున్నవాడి మెడ వెనకనుంచి బిగించాడు.

అప్పటికే అవ్వ ఒంటిచేత్తో తెడ్డు పట్టుకుని వచ్చేసింది. చూస్తే అంతా నలుపు. అమ్మకు అందరికంటే దగ్గరగా ఉన్న తలను ఎంచుకుని బలంకొద్దీ వేసింది. అది ఆదిమూలం తల. టెంకాయ పగిలినట్టు పగిలింది. అతను నిలుచున్నచోటే కూలబడ్డాడు. బొగ్గు మీద రక్తం జారితే ఎరుపు కూడా నల్లగానే ఉంటుందట. అమ్మ, "ఆయన కాదమ్మా, ఆయన కాదు," అని ఏడుస్తోంటే వాళ్ళు ఆమెను ఇంకో పది గజాలు ఈడ్చుకుపోయారు. ఆదిమూలం మా నాయన. ఈనాటికీ నడినెత్తిన దువ్వెన తడబడుతుంది.

అవ్వ రెండోసారి తెడ్డు ఎత్తి ఆగిపోయింది. మళ్ళీ తప్పుడు తల పగిలితే పిల్ల పోయినట్టే. ముఖాలు చూసి లాభం లేదు. కిందికి చూసింది. చుట్టూ అన్నీ ఉత్త కాళ్ళు. ఒక్క జత కాళ్ళకు టైరుచెప్పులు ఉన్నాయి. వేషం కట్టినవాడు చెప్పులు వేయకూడదని పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు తిరుపతిలో. పొరుగూరి నుంచి దిగినవాడికి బొగ్గు పూసుకోవడం తెలిసింది గానీ అది తెలియలేదు.

అవ్వ ఆ చెప్పు పైన ఉన్న చీలమండ మీద వేసింది. దేవరాజులు కుక్కలా మూలిగి ఒరిగాడు. రెండో కాలు మీద కూడా వేసి, వీధికంతా వినపడేలా, "తల్లి వేషానికి చెప్పులేసుకొచ్చినాడు సూడండప్పా," అంది.

పిల్ల అరుపులకు కదలని వీధి చెప్పులకు కదిలింది. నవ్వుతున్న ముఖాలే మారిపోయాయి. ఇరవైమంది మీద పడ్డారు. వేపమండలతో, రాళ్ళతో, వాడి చెప్పులతోనే కొట్టారు. తోడొచ్చిన ఇద్దరూ అమ్మను వదిలి పరుగెత్తారు. దేవరాజులు ముందు తిట్టాడు, తరువాత బతిమాలాడు, తరువాత శబ్దం లేదు. ఒక కన్ను మూసుకుపోయింది, ముక్కు ఒక పక్కకు తిరిగింది.

అమ్మ గీసుకుపోయిన మోకాళ్ళ మీదే పాకుతూ వచ్చింది. "సాలమ్మా. సచ్చిపోతాడు. ఆ పాపం మోసుకోని నేను బతకలేను," అంది.

అవ్వ తెడ్డు అడ్డం పెట్టి గుంపును వెనక్కి నెట్టింది. కుండతో నీళ్ళు తెప్పించి వాడి ముఖాన పోయించింది. అందరూ ఉండగానే అమ్మను, "చెప్పు మే. ఎవరితో పోతావు?" అని అడిగింది.

"ఎవరితోనూ పోను. సోమవారం పనిలో చేరతా."

"వినపడినాదా అబ్బా?" అంది అవ్వ, వాడి ముఖం మీదికి వంగి. తెరుచుకున్న ఒక కన్నుతో వాడు తల ఊపాడు. తరువాత ఎప్పుడూ రాలేదు. కుంటుకుంటూ బతికాడని విన్నాం.

అమ్మ సోమవారం పనిలో చేరింది. మూడు నెలలకు తన చట్టం ప్రకారం అవ్వ ఆమెను ఇంట్లోంచి పంపేసింది కూడా, రెండు వీధుల అవతల ఒక గదికి. అమ్మ తరువాత ఇంకా పందొమ్మిదిమంది పిల్లలు ఆ ఇంట్లోంచి బయటికి నడిచారు.

ఇదంతా రాసి అవ్వకు చదివి వినిపించాను. తల పగిలిన చోట నవ్వుతుందనుకున్నాను. చివరిదాకా విని, వక్క కొరికి, ఇలా అంది:

"కొట్టింది రెండు దినాలు రా. కూడు పెట్టింది ఇరవై ఏండ్లు. నువ్వు రాసిందంతా ఆ రెండు దినాలే. ఎనిమిదో తరగతి ఊరికే తప్పినావా నువ్వు."