పొగ మిషన్ బాలరాజు

సిద్దిపేటల కాలిన మోటర్లకు వైండింగ్ చేసేటోళ్లు మస్తుమంది ఉన్నరు. విజిటింగ్ కార్డు మీద ‘సైంటిస్ట్’ అని అచ్చేయించుకున్నది మాత్రం బాలరాజు ఒక్కడే. బోరు మోటరు పట్టుకొని దుకాణానికొచ్చిన రైతు ముందుగాల ఆ కార్డు తీసుకోవాలె, తర్వాత స్టూలు మీద కూసొని పొగ సంగతి వినాలె. అది అయితె గని మోటరు మీద బాలరాజు చెయ్యి పడదు.

బాలరాజు తండ్రి మగ్గం ఇడిసి బట్టల మిల్లుల పనికి భివండికి పోయిండు. బాలరాజు ఇంకింత దూరం పోయి దుబాయి దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీల పడ్డడు. ఆడ పొగ గొట్టానికి ముందు పెద్ద ఇనుప గది ఉండేది. లోపల వరుసగ రేకు పలకలు, వాటి నడుమ తీగలు. తీగలకు భారీ కరెంటు ఇస్తే పొగలున్న దుమ్మంత పోయి పలకలకు అతుక్కునేది. పలకలను సుత్తెతోని కొడితే అది కింది తొట్లె రాలేది, పైకి వట్టి గాలి పోయేది. ఆ పలకలు తుడుసుడు బాలరాజు పని. ఏండ్లకేండ్లు తుడిచి తుడిచి, దాన్ని తనే కనిపెట్టిన అన్న నమ్మకం కుదిరిందాయనకు.

ఊరికి తిరిగొచ్చినంక ఆ గదినే చిన్నగ చేసిండు. సుత్తె బదులు ఒక పాత మోటరు పెట్టి పలకలు వాటంతటవే అదిరేటట్టు చేసిండు. హైదరాబాదుల ఒక ఏజెంటును పట్టుకొని పేటెంటుకు దరఖాస్తు పెట్టించిండు. ఏజెంటు రాసిన ఇంగ్లీషు చూస్తే అది పొగ మిషనో రాకెట్టో బాలరాజుకే సమజ్ కాలె. దరఖాస్తు పేటెంటు ఆఫీసు పత్రికల అచ్చయిందో లేదో, పేటెంటు వచ్చిందని బజారంత మిఠాయి పంచిండు.

“అచ్చయింది దరఖాస్తే, పరీక్ష ఇంక ముందున్నది” అని ఏజెంటు ఫోన్ల మొత్తుకున్నడు.

“లగ్గం పత్రిక అచ్చయినంక లగ్గం ఆగుతదా సార్?” అన్నడు బాలరాజు.

మిషన్‌ను మొదలు పెట్టించుకున్నది చింతమడక తొవ్వల రైస్‌మిల్లున్న మధుసూదన్. అందరు మధన్న అంటరు. బాయిలర్‌ల వడ్ల ఊక కాలిస్తె లేసే మసి పోయి పక్క కాలనీల దండేల మీద పడుతున్నది. మధన్నకు కౌన్సిలర్ కావాలని ఉన్నది, ఓట్లేమో ఆ కాలనీలనే ఉన్నయి. అందుకని మిషన్ బిగించి, కొబ్బరికాయ కొట్టి, జనాన్ని పిలిచి స్విచ్ ఏయించిండు. నల్లగ వస్తున్న పొగ సన్నబడి సన్నబడి మాయమైంది. ఉన్న మాట చెప్పాలె, మిషన్ మంచిగనే పనిచేసింది. ఫ్లెక్సీల మధన్న ఫొటో గుమ్మడికాయంత, బాలరాజుది నిమ్మకాయంత. ఆ నిమ్మకాయనే బాలరాజు సెల్లుల పెట్టుకొని తిరిగిండు.

ఆయన ఇల్లు గూడ ఆ కాలనీలనే. వానకాలమంత బట్టలు ఇంట్లనే ఆరినయి. వానలు పోయినంక ఒకనాడు భార్య శ్వేత అడిగింది.

“ఏమయ్యా, దుప్పట్లు మల్ల నల్లగైతున్నయేంది?”

“లారీల పొగ.”

“సల్ల మిరపకాయల మీద గూడ మసి పడ్డది.”

“పక్కింటోళ్లు కట్టెల పొయ్యి పెడుతున్నరు.”

“వాళ్లింటికి తాళమున్నది.”

“గయితె పేటెంటున్న మిషన్‌కు వంక పెడుతున్నవా?”

శ్వేత ఆయన రెక్క పట్టుకొని డాబా మీదికి తీస్కపోయింది. మిల్లు గొట్టంలకెళ్లి నల్లటి పొగ దర్జాగ లేస్తున్నది. బాలరాజు అద్దాలు తుడుసుకొని మల్ల చూసిండు. రుమాలు నల్లగైంది.

తెల్లారి మిల్లుకు పోతే మిషన్ స్విచ్ మీద పూజనాటి పసుపు చెదరకుండ ఉన్నది. బాయిలర్ కాడ పనిచేసే ఎల్లన్న తల గోక్కున్నడు.

“ఎవరన్న చూడొస్తెనే ఎయ్యమన్నడు సారు. కరెంటు గుంజుతదంట, బూడిద ఎత్తనీకె మనిషి కావాలెనంట.”

మధన్న బాలరాజును కూసోబెట్టి ఛాయ్ తెప్పించిండు. “తమ్మీ, నీ మిషన్ ఖరాబున్నదని ఎవడన్న అన్నడా? మంచిగున్నది గనకనే పదిలంగ పెట్టుకున్నం.”

“మా ఇల్లు గూడ గాడనే ఉన్నది మధన్నా...”

“పొల్యూషన్ పెద్ద ఆఫీసరొస్తుండు. ఆయన చేతుల మీద నీకు సన్మానం పెడుతున్న.”

సన్మానం అన్న మాట చెవుల పడంగనే బాలరాజు అడగవచ్చిన మాట ఛాయ్‌తోని లోపలికి దిగింది. ఇంట్ల “చిన్న రిపేరున్నది, అయిపోతది” అని చెప్పిండు, కంచంల అన్నం దిక్కు చూసుకుంట.

నెలల కొద్ది బందున్న మిషన్‌ల వాన నీళ్లు దిగి, బూడిద గడ్డకట్టి పలకల దాకా వచ్చిందన్న అనుమానం ఆయనకున్నది. ఇప్పి కడగాలె. గని ఆయన ఉపన్యాసం కంఠతా పట్టుడుల పడ్డడు.

సన్మానం నాడు మిల్లు ముందు షామియానా, దాని కింద అందరియి ఇస్త్రీ మడతల తెల్లబట్టలు. శాలువ కప్పినంక ఆఫీసరు, “ఏది, నడుస్తుంటె చూద్దాం” అన్నడు. ఎల్లన్న స్విచ్ ఏసిండు. తుపాకి పేలినట్టు మోత. తొట్టి మూత ఊడి మసి బూడిదంత మీదికి ఎగిరింది. మిల్లంత కరెంటు పోయింది. షామియానా కింద తెల్లబట్టలు ఒక్కటి మిగలలె.

“గిదేనా బాలరాజూ నీ పేటెంటు!” అని మధన్న అందరి ముందల గుడ్లురిమిండు.

ఇన్నొద్దులు కాలనీ దండేలు నల్లగైతె రాని ధైర్యం, పేటెంటును ఒక్క మాట అనంగనే వచ్చింది బాలరాజుకు. “కొబ్బరికాయ కొట్టిననాడు తప్ప దీన్ని నడిపినవా మధన్నా? స్విచ్ చూడున్రి సార్, పసుపు గూడ పోలె!”

ఆఫీసరు కండ్లు తుడుసుకొని స్విచ్ చూసిండు, మధన్నను చూసిండు, మిషన్ నడిపియ్యనీకె గడువిచ్చి కారెక్కిండు. తెల్లారి పేపర్ల ‘పేలిన పేటెంట్’ అని పడ్డది. మధన్న ముచ్చట ఒక్క ముక్క రాలె.

పేపరు చదివిన శ్వేత కాలనీ ఆడోళ్లను ఎంబడేసుకొని, ఇంటింటి మసి దుప్పట్లు తెచ్చి మిల్లు గోడ పొడుగున, మధన్న ఫ్లెక్సీ పక్కపొంటి ఆరేసింది. తొవ్వంటి పోయే బస్సులు ఆగి చూస్తున్నయి. గడువుకు కదలని మధన్న దుప్పట్లకు కదిలిండు. పలకలు కడిగించి ఆ పొద్దే మిషన్ నడిపిచ్చిండు.

తర్వాత కొన్నాళ్లకు పేటెంటు ఆఫీసు జవాబు వచ్చింది. తీగలు, పలకలు, కరెంటు ముచ్చట నూరేండ్లకెళ్లి లోకానికి తెలిసిందేనంట. పలకలు అదిరించే మోటరు ఒక్కటే కొత్తది, కావాలంటె అంతవరకు అడుగుమన్నరు. బాలరాజు అన్నం ముట్టలె.

“నూరేండ్ల కిందటి మిషన్‌ను నడిపిచ్చనీకె మేము దుప్పట్లు మోసినం. ఓనరు దాన్ని బందు పెట్టకుంట ఏమన్న కనిపెట్టరాదు?” అన్నది శ్వేత, గంటె చేతిల పట్టుకొని.

బాలరాజు మొదలు కోపం తెచ్చుకున్నడు, తర్వాత కూసొని ఆలోచించిండు. పొగ మిషన్ నడిస్తెనే మంటకు గాలి కొట్టే బాయిలర్ ఫ్యాన్ తిరిగేటట్టు రెంటి తీగలు కలిపి పెట్టెల పెట్టి తాళమేసిండు. ఆఫీసరు ఆ తాళం ఉండాల్సిందే అన్నడు గనక మధన్న మొఖం మాడ్చుకొని బిగించుకున్నడు. ఇప్పుడు కాలనీల దుప్పట్లు దుప్పట్ల లెక్కనే ఆరుతున్నయి. వేరే మిల్లుల ఓనర్లు వచ్చి పలకలు చూసి, మోటరు చూసి, బాలరాజు భుజం తట్టి, మాకూ ఒక మిషన్ చెయ్యమంటరు. లేచి పొయ్యేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి, “ఆ తాళం లేకుంట ఇయ్యి తమ్మీ” అంటరు.

“తాళమే నా పేటెంటు సార్” అని చెప్పి, బాలరాజు మోటరు చుట్టుడుల పడుతడు.