పందిరి లేని పందిరి స్టేజీ

మా పెద్దమ్మ పోయిందన్న సంగతి ముందుగా బస్సుకు తెలిసింది. రోజూ పొద్దున జనగామ పోయే ఎర్రబస్సు మా వాడ చివర ఆగి, ఆమె కోసం హారన్ కొట్టి, కాసేపు చూసి, మళ్లీ కొట్టిందట. ఆమె రాలేదు. కండక్టరమ్మ కిందికి దిగి పక్కింటి వదినను కేకేసింది. వదిన మోకాళ్లు పట్టుకుంటూ వెళ్లి తలుపు తోసి చూస్తే, పెద్దమ్మ మంచం మీద పక్కకు తిరిగి పడుకొని ఉంది. చీర మార్చుకుంది, తల దువ్వుకుంది. చెప్పులు గడప దగ్గర ఉన్నాయి. బస్సుకు ఇంకా కొంచెం టైముందని కాస్త ఒరిగినట్టుంది.

నేను మానుకోటలో, కాలేజీలో ఉన్నాను. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉన్నా మేమంతా మానుకోట అనే అంటాం. పాఠం చెప్పి వరండాలోకి రాగానే ఫోను మోగింది. వదిన ఏడవలేదు. "మరదలా, అత్త ఇయ్యాల బస్సుకు రాలే," అని ఆగిపోయింది. నేను ఇంకేమీ అడగలేదు. పెద్దమ్మ బస్సుకు రాకపోవడానికి వేరే కారణం ఉండదని మా ఇద్దరికీ తెలుసు.

ఆమెను ఎరగని మీకు ఆ మాట బరువు తెలియాలంటే, ముందు మా బస్సు సంగతి చెప్పాలి.

జనగామ నుంచి బచ్చన్నపేట వైపు పోయే రోడ్డు మీద మా ఊరికి ఒక ఎక్స్ రోడ్డు ఉంది. ఊరు అక్కడి నుంచి బాగా లోపలికి. నా చిన్నప్పుడు బస్సు లోపలికి వచ్చేది కాదు. ఎక్స్ రోడ్డు దగ్గర దిగి, సంచులు నెత్తిన పెట్టుకుని పత్తి చేల మధ్య నుంచి నడిచేవాళ్లం. తారు రోడ్డు పడ్డాక ఊర్లోకి రావడం మొదలుపెట్టింది. అయితే ఊరి నడుమ పాతిన బొడ్రాయి దాకా వచ్చి, అక్కడే తిరిగి, వచ్చిన దారినే పోయేది. మా వాడ ఊరికి వీపు వైపున ఉంటుంది. బస్సు హారన్ మాకు వినిపించేది, అంతే.

అది మా వాడ మీదుగా పోవడానికి కారణం ఒక పెండ్లి. బొడ్రాయి దగ్గర రోడ్డుకు అడ్డంగా పందిరి వేశారు. మా దగ్గర పెండ్లంటే ఆ రోజుకు రోడ్డు పెండ్లివాళ్లదే, ఎవరూ తప్పు పట్టరు. బస్సు వచ్చి పందిరి ముందు నిలబడింది. తిప్పుకోవడానికి జాగా లేదు. డ్రైవర్ కొత్తవాడు, ఎటు పోవాలో తెలియక దిగి నిలబడ్డాడు. పెండ్లిలో వడ్డన చేస్తున్న మా పెద్దమ్మ చేయి కడుక్కుని వచ్చి, మా వాడ మీదుగా పోతే అవతల మళ్లీ పెద్ద రోడ్డే తగులుతుందని చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. దారి చూపించడానికి తనే బస్సెక్కింది. వేపకొమ్మలు పైకప్పుకు రాసుకుంటూ బస్సు మా వాడ దాటి పెద్ద రోడ్డెక్కింది.

అది ఒక్కరోజు ముచ్చట కావలసింది. మర్నాటికి పందిరి విప్పేశారు. డ్రైవర్ పాత పద్ధతిలోనే బొడ్రాయి దగ్గర బస్సు తిప్పుకుంటుంటే పెద్దమ్మ ఎదురుగా వెళ్లి నిలబడి, "నిన్న ఈడికెల్లే పోతివి గద బిడ్డా, ఇయ్యాల మా వాడ ఏం తప్పు చేసింది?" అని అడిగిందట. ఆ పూటకు అతను మా వాడకే వచ్చాడు. మర్నాడూ వచ్చాడు. తర్వాత వచ్చిన డ్రైవర్లు అసలు దారే అదనుకున్నారు.

నేను అప్పుడు వరంగల్‌లో చదువుకుంటున్నాను, ఇదంతా చూడలేదు. మా అమ్మ చెప్పినప్పుడు పెద్దమ్మ వెంట వాడకట్టు ఆడవాళ్లందరూ ఉండేవారు. వదిన చెప్పినప్పుడు పెద్దమ్మ ఒక్కతే ఉండేది. ఒక్కతే వెళ్లి ఉంటుందని నాకు అనిపిస్తుంది. అనిపించింది కదా అని నమ్మడానికి మాత్రం భయం.

ఆ పెండ్లి వదినదే. ఉన్న ఊర్లోనే ఇచ్చారు. బొడ్రాయి దగ్గరి పుట్టింటి నుంచి మా పక్కింటికి కోడలుగా వచ్చింది. "నా పెండ్లికి వాడకు బస్సొచ్చింది, నాకేమో మోకాళ్ల నొప్పులొచ్చినై," అని ఇప్పటికీ అంటుంది. పందిరి వల్ల వచ్చిన బస్సు కాబట్టి మా వాడ చివర అది ఆగే చోటుకు పందిరి స్టేజీ అని పేరు పడిపోయింది. అక్కడ ఎన్నడూ ఏ పందిరీ లేదు. ఒక కొత్త కండక్టరు బీరపాదు పందిరి ఎక్కడుందా అని రెండు పక్కలా వెతికి, కనబడక, స్టేజీ దాటాక విజిల్ వేశాడు. ఆరోజు పెద్దమ్మ బస్సు వెనక పరుగెత్తుతూ అతన్ని తిట్టిన తిట్లు వాడంతా విన్నది.

పెద్దమ్మకు బస్సంటే ఎందుకంత పట్టింపో చెప్పాలంటే భూపాలపల్లి దాకా పోవాలి. ఆమె పెనిమిటి, మా పెద్దబాపు, అక్కడి బొగ్గు బాయిలో పనిచేసేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఎండాకాలం సెలవుల్లో నన్ను తీసుకుపోయేవాళ్లు. షిఫ్టు బస్సు క్వార్టర్ల ముందు ఆగేది. ఆయన ఎక్కాక అది మలుపు తిరిగేదాకా ఆమె గేటు దగ్గరే నిలబడేది. మళ్లీ వచ్చే వేళకు కూడా అక్కడే ఉండేది. ఆయన దిగి వచ్చి చెంబు అందుకున్నా, ఆమె చూపు బస్సు మెట్ల మీదే ఉండేది. చివరి మనిషి దిగి, తలుపు పడ్డాకే లోపలికి వచ్చేది. అన్నం పెట్టమని నేను కొంగు పట్టి లాగేదాన్ని. "జర ఆగు బిడ్డా, అందరు దిగనీ," అనేది.

ఒక రోజు అందరూ దిగారు, ఆయన దిగలేదు. పనిలో ఉండగానే గుండె ఆగిందని కబురు తర్వాత వచ్చింది. ఆమె ఎంతసేపు గేటు దగ్గర నిలబడిందో నాకు తెలియదు, నేనెప్పుడూ అడగలేదు. ఆ ఏడే క్వార్టర్ ఖాళీ చేసి మా ఊరికి వచ్చి, వాడ చివరి ఇంట్లో ఉండిపోయింది. మానుకోటకు రమ్మని నేను ఎన్నోసార్లు పిలిచాను. నాదీ ఒంటి బతుకే, రెండో గది ఖాళీగానే ఉంటుంది. "నేనొస్తె బస్సునెవలు చూస్తరు?" అనేది. నేను నవ్వేదాన్ని. ఆ మాట హాస్యానికి అన్నదో కాదో ఇప్పుడు తేల్చుకోలేకపోతున్నాను.

బస్సును చూసుకోవలసిన అవసరం నిజంగానే వచ్చింది. ఊర్లో ఇంటింటికీ బండ్లయ్యాయి. ఆడవాళ్లకు బస్సుల్లో టికెట్ డబ్బులు లేకుండా పోయాక మిగతా బస్సులు కిక్కిరిసిపోయాయి గానీ, మావాళ్లు బండి మీద ఎక్స్ రోడ్డుకు పోయి అక్కడ ఏ బస్సు ముందొస్తే అది ఎక్కడం నేర్చుకున్నారు. లోపలికి వచ్చే ఈ ఒక్క బస్సు ఖాళీగా తిరిగింది. దాని అవసరమల్లా నడవలేని వాళ్లకు, ముఖ్యంగా మా వదినకు. ఆమె వారానికోసారి జనగామ దవాఖానకు పోవాలి. బండి మీద కూర్చుందామంటే మోకాలు మడత పడదు. ఎక్స్ రోడ్డు దాకా నడవలేదు. ఒకరోజు డిపో నుంచి ఒకాయన అదే బస్సులో వచ్చి చూసిపోయాడు. ఎక్కేవాళ్లు లేని స్టేజీకి బస్సు చుట్టు తిప్పడం ఎందుకని కండక్టరమ్మతో అన్నాడట. అది పెద్దమ్మ చెవిన పడింది. మర్నాటి నుంచి ఆమె రోజూ బస్సెక్కడం మొదలుపెట్టింది.

పోవలసిన పని లేదు. చేతిలో ఒక ఖాళీ సంచి, అంతే. వదినే మొదట ఎగతాళి చేసింది. నేను పండక్కి పోయినప్పుడు నా ముందే అంది. "మీ పెద్దమ్మకు ఇల్లు సాల్తలేదు మరదలా, బస్సుల కాపురం పెట్టింది."

పెద్దమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ తల ఎత్తకుండా అంది. "నీ దవాఖాన వారానికొక్కపారి. కడమ దినాలు ఎవలెక్కుతరే? ఎక్కేటోళ్లుంటెనే అది స్టేజి. లేకుంటె గది వట్టి రోడ్డు."

"నా కోసం ఎక్కుతున్నవా అత్తా? నేనేమన్న అడిగిన్నా?"

"నువ్వడిగితె ఎక్కకపోదును."

వదిన నవ్వింది. నేనూ నవ్వాను. పెద్దమ్మ నవ్వలేదు.

ఆమె టికెట్ కోసం పట్టుబట్టే తీరు కూడా చెప్పాలి. ఆధార్ చూపిస్తే కండక్టర్లు సున్నా టికెట్ కొట్టి ఇస్తారు. టికెట్ మిషన్‌లో మా స్టేజీ పేరు లేదు, ఎక్స్ రోడ్డు అని వస్తుంది. పెద్దమ్మకు చదువు రాదు గానీ ఆ అక్షరాల పొడుగు తెలుసు. పందిరి అని కొట్టమనేది. మిషన్‌లో లేదవ్వా అని కండక్టరమ్మ అంటే, "మిషన్ల లేకుంటేంది, నేనున్న గద," అనేది. ఆ టికెట్ మడిచి గాజుల సందున పెట్టుకునేది. ఇంటికొచ్చాక అదే టికెట్‌తో దీపం వత్తి ఎగదోసేది.

సాయంత్రాలు నేను ఫోన్ చేసేదాన్ని. జనగామలో ఏం చేసినవని అడిగితే, "ఏమున్నది, పోయిన, వచ్చిన," అనేది. బజార్లో తిరిగి ఉంటుంది, స్టేషన్ రోడ్డులో చీరల దుకాణాల ముందు నిలబడి ఉంటుంది, ఎవరో ఒకరు తెలిసినవాళ్లు కలిసి ఉంటారని నేను ఊహించుకునేదాన్ని. ఆమె రోజును నాకు తోచినట్టు నింపేసుకుని ఫోన్ పెట్టేసేదాన్ని.

పెద్దమ్మ దినాలు అయిపోయాక, మానుకోటకు తిరిగి పోయే పొద్దున, నేను పందిరి స్టేజీ దగ్గర నిలబడ్డాను. బస్సు వచ్చింది. అందులో ముగ్గురో నలుగురో ఉన్నారు. కండక్టరమ్మ టికెట్ కొట్టి, వచ్చి నా పక్కన కూర్చుంది. మెల్లగా మొదలుపెట్టింది.

"ఒక్కలున్నా లోపలికొస్తం మేడం. అవ్వ ఉన్నన్ని దినాలు మాకు జవాబుండె. రేపటికెల్లి ఎవ్వలు లేకుంటె మేమన్న ఎన్ని దినాలు తిప్పుతం?"

ఆమె కిటికీ వైపు చూస్తూ మళ్లీ అంది. "అవ్వ జనగామల దిగేది కాదు, మీకెర్కేనా?"

నాకు ఎరుక లేదు. బస్టాండులో అందరూ దిగిపోయాక కూడా పెద్దమ్మ సీట్లోనే కూర్చుని ఉండేదట. డ్రైవర్, కండక్టరమ్మ చాయ్ తాగి, ఆఫీసులో ట్రిప్పు చార్ట్ రాయించుకుని వచ్చేదాకా అట్లాగే ఉండి, అదే బస్సులో ఇంటికి వచ్చేదట. చాయ్‌కి రమ్మంటే వచ్చేది కాదట. బస్సును ఒక్కదాన్నే ఇడిచిపెట్టి ఎట్లొస్త అనేదట.

అప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. వదిన కోసమే, స్టేజీ కోసమే అయితే, తర్వాతి ఊర్లో దిగి వెనక్కి వచ్చినా సరిపోయేది. జనగామ దాకా పోయి ఖాళీ బస్సులో కూర్చోవలసిన పని లేదు. ఇంట్లో ఒక్కతే ఉండలేక బస్సెక్కి, దానికి స్టేజీ అని పేరు పెట్టుకుందా? లేక ఎక్కగా ఎక్కగా ఆ బస్సే ఆమెకు అలవాటైందా? ఇవి రెండు వేరువేరు సంగతులని అనుకోవడం నాలాంటి చదువుకున్నవాళ్ల చాదస్తమేమో. ఆమెను పొగడడానికి ఇది రాయడం లేదు. ఇంకొకరి మోకాళ్ల కోసం ఒక మనిషి ఇన్నాళ్లు బస్సెక్కిందని రాస్తే అందంగా ఉంటుంది. ఆ అందాన్ని నేను పూర్తిగా నమ్మలేకపోతున్నాను, కొట్టిపారేయలేకపోతున్నాను.

వదినకు ఈ సంగతేదీ చెప్పలేదు. నడవలేని మనిషిని, పని లేకున్నా రోజూ బస్సెక్కు అని ఏ నోటితో అడగను? కండక్టరమ్మ ఆమెతో కూడా అన్నదేమో తెలియదు. ఫోన్ చేసినప్పుడు బస్సు వస్తోందా అని మాత్రం అడిగేదాన్ని. "వస్తున్నట్టే ఉంది," అనేది వదిన, అంతకంటే చెప్పేది కాదు.

పెద్దమ్మ ఇల్లు ఊడ్చి, దీపం పెట్టి రావాలని మొన్న బయలుదేరాను. రైలు దిగి జనగామ బస్టాండుకు వచ్చేసరికి మా బస్సు అప్పుడే వచ్చి ఆగినట్టుంది. నలుగురు దిగి ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. డ్రైవర్ ఇంజను ఆపి, సీసా పట్టుకుని నీళ్లకు పోయాడు. కండక్టరమ్మ నన్ను చూసి తల ఊపి, ఏమీ అనకుండా చాయ్ కొట్టు వైపు నడిచింది. నేను ఎక్కాను. బస్సంతా ఖాళీగా ఉంది. మధ్యలో ఒక సీట్లో, కిటికీ పక్కన, మా వదిన కూర్చుని ఉంది.

"ఏంది వదినా, ఇయ్యాల దవాఖాన ఉన్నదా?" అని అడిగాను.

"లేదు."

"మరి దిగలే?"

"దిగి యాడికి పోవాలె మరదలా?" అని నా ముఖం చూడకుండానే అంది.

ఆమె పక్క సీటు మీద చేతికర్ర అడ్డంగా పెట్టి ఉంది, వచ్చే మనిషికి జాగా ఆపినట్టు. తీస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. తీయలేదు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. బయట మైకులో సిద్దిపేట బస్సు, సూర్యాపేట బస్సు అని ఒకదాని తర్వాత ఒకటి పిలుస్తున్నారు. జనం మా కిటికీల పక్క నుంచే పరుగెత్తి వాటిని ఎక్కుతున్నారు. వదిన ఒక చేయి ఒళ్లో పెట్టుకుని, రెండో చేయి ఆ కర్ర మీద ఆనించి, బస్సు కదిలే దాకా మెట్ల వైపే చూస్తూ కూర్చుంది.