కెన్యా వెళ్లిన స్టార్టరు పెట్టెలు

నేను ఒకచోట కుదురుగా కూర్చోలేనని మా ఆయన పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టారు. అన్నం తింటూ మధ్యలో లేచి వెళ్లి సోల్డరింగ్ ఐరన్ వేడెక్కిందో లేదో చూసొస్తాను. ఆయన మాకవరపాలెంలో లెక్కల మాస్టారు. పిల్లల్ని కూర్చోబెట్టడం వచ్చు గానీ నన్ను కూర్చోబెట్టడం ఆయన వల్ల కాలేదు.

అనకాపల్లి దగ్గర ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే ఉద్యోగం మానేసి, నర్సీపట్నంలో మా ఇంటి కింద షట్టరు గదిలో నేను మొదలుపెట్టింది ఒక చిన్న పెట్టె. పొలంలో మోటారు స్టార్టరు పక్కన బిగిస్తే, రైతు ఇంట్లోంచే ఫోన్ చేసి మోటారు వేసుకోవచ్చు, ఆపుకోవచ్చు. లోపల ఒక సిమ్ కార్డు ఉంటుంది. ఫోన్ చేస్తే పెట్టె ఎత్తి మాట్లాడుతుంది. "నమస్కారమండి. మీ పొలంలో కరెంటుంది. మోటారు వెయ్యాలంటే ఒకటి నొక్కండి." ఆ గొంతు నాదే.

మా బోరు బాగుచెయ్యడానికి వచ్చిన మేస్త్రిగారు, భోజనాల బల్ల మీదున్న మొదటి పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశారు. నాతవరం ఆయనది. మోటార్లకు వైండింగ్ చుట్టడంలో జుట్టు నెరిసిన మనిషి.

"ఇది వానొస్తే బతకదమ్మా. వైర్లు పైనుంచి కాదు, కిందనుంచి తియ్యాల. సీమలు దూరకుండా రబ్బరెట్టాల," అన్నారు. వారం తిరక్కుండా ఆయన తన షాపు మూసేసి మా షట్టరు గదికి వచ్చేశారు. అలా ఇద్దరమయ్యాం. తర్వాత పెట్టెలు బిగించడానికి మరో నలుగురు ఆడవాళ్లు చేరారు.

నాతవరం, కోటవురట్ల వైపు పెట్టెలు బాగానే వెళ్లాయి. బాగా నడుస్తున్న పనిని అలా నడవనిస్తే నేను నేనెందుకవుతాను? ఒక వీడియో తీసి నెట్‌లో పెట్టాను. నాలుగు నెలలకు కెన్యాలో పంపులు అమ్మే ఒకాయన రాశారు. వాళ్ల రైతులకు పనికొస్తుందేమో చూద్దామని, నలభై పెట్టెలు పంపమని.

"కెన్యా అంటే ఎక్కడమ్మా?" అని అడిగారు మేస్త్రిగారు. ఫోన్‌లో మ్యాపు చూపించాను. సముద్రానికి అవతల ఒడ్డు. ఆయన కాసేపు చూసి, "కరెంటు మనలాంటిదేనా?" అన్నారు. అవునన్నాను. "అయితే పరవాలేదు," అన్నారు.

కరెంటు సంగతి తేలింది గానీ, పెట్టె మాట్లాడాల్సిన భాష స్వాహిలీ. విశాఖలో చదువుకుంటున్న ఒక కెన్యా అమ్మాయి దొరికింది. ఫార్మసీ విద్యార్థిని. బస్సెక్కి నర్సీపట్నం వచ్చింది. శబ్దం రాకుండా ఫ్యాన్లు ఆపేసి, చెమటలు కక్కుతూ మా ముందు గదిలో రికార్డు చేశాం. నేను ఇంగ్లీషులో రాసుకున్న వాక్యాలు ఉన్నవున్నట్టు స్వాహిలీలో చెప్పమంటే ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. వినేది పెద్దవాళ్లు కదా, ఇలా ముక్కుసూటిగా చెబితే కసిరినట్టుంటుంది, ముందు పలకరించాలి, ఎలా ఉన్నారని అడగాలి, తర్వాతే మోటారు మాట ఎత్తాలి అంది. నాకు చాలా నచ్చింది. పలకరింపుతో సహా రోజంతా రికార్డు చేశాం. మా అత్తగారు ఆ అమ్మాయికి గారెలు వేసి పెట్టారు.

పెట్టెలు వెళ్లాయి. నెలలోపే ఆ డీలరు నుంచి మెసేజ్ వచ్చింది. పెట్టెలు పనిచెయ్యడం లేదని రైతులు వెనక్కి తెచ్చి ఇస్తున్నారట.

పెట్టెలు పంపే రిపోర్టులు చూశాను. ప్రతి ఫోనూ ఐదారు సెకన్లలో తెగిపోతోంది. సిగ్నల్ అందడం లేదని తేల్చుకున్నాను. యాంటెన్నా మార్చాను. ప్రోగ్రాం మార్చి పంపాను. డీలరు వేయించి చూసి, అలాగే ఉందన్నారు. మళ్లీ మార్చాను. షట్టరు గదికీ మేడ మీదికీ రోజుకు ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలీదు. పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. ఎవరైనా పలకరిస్తే సగం విని లేచి వెళ్లిపోయేదాన్ని.

మూడు వారాలు చూసి మేస్త్రిగారు అన్నారు. "ఇక్కడ కూకుని అక్కడి మోటారు జబ్బు ఎలా తెలుస్తాదమ్మా? మన ఊళ్లో అయితే పొలానికెల్లి సూస్తాం కదేటి."

"అది కోటవురట్ల కాదు కదండీ."

"దూరం ఎక్కువ, అంతే కదా," అన్నారు.

ఆయనకు పాస్‌పోర్టు తీయించేసరికి మరో నెల పట్టింది. విమానంలో కిటికీ పక్కన కూర్చుని రెక్కలోని రేకు ముక్కలు పైకీ కిందికీ ఎలా కదులుతున్నాయో చూస్తూ వచ్చారు. నేను మాత్రం లాప్‌టాప్ తెరిచి ఆ రిపోర్టులే మళ్లీ మళ్లీ చదివాను.

డీలరు మంచి మనిషి. మమ్మల్ని ఒక పెద్దావిడ పొలానికి తీసుకెళ్లారు. నది ఒడ్డున టమాటా, ఆకుకూరలు. పెట్టె ఇంకా తిరిగి ఇవ్వకుండా ఉంచుకున్న కొద్దిమందిలో ఆవిడ ఒకరు. డీలరు తన ఫోన్‌తో చేశారు. పెట్టె ఎత్తింది, మా విశాఖ అమ్మాయి గొంతుతో పలకరించింది, మాటలన్నీ అయ్యేదాకా ఆగి ఆయన ఒకటి నొక్కారు, మోటారు తిరిగింది. నేను డీలరు వంక చూశాను. ఆయన నా వంక చూశారు. ఎక్కడా లోపం లేదు. నాకు కాళ్లు ఆగలేదు. సిగ్నల్ మీటరు పట్టుకుని గట్టు పొడవునా తిరగడం మొదలుపెట్టాను.

మేస్త్రిగారు ఎక్కడికీ వెళ్లలేదు. ఒక బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఆవిడ పని చేసుకుంటుంటే చూస్తూ ఉన్నారు. కాసేపటికి ఆవిడ నడుం దగ్గరి సంచిలోంచి ఫోన్ తీసి మోటారు ఆపడానికి పెట్టెకు చేసింది. పెట్టె ఎత్తిన వెంటనే కట్ చేసేసింది. నడిచి వెళ్లి చేత్తో స్విచ్చి ఆపింది.

"అమ్మా, ఇలా రండి," అని పిలిచారాయన. "సిగ్నల్ కాదు. ఆవిడే కట్ సేస్తంది."

ఎందుకని డీలరు చేత అడిగించాను. ఆవిడ నవ్వి ఏదో చెప్పింది. డీలరు మొహం వాడిపోయింది. "మీ పెట్టె చాలా మర్యాదస్తురాలు, కానీ అది నా బాగోగులు అడిగేలోపు నా ఫోన్‌లో డబ్బులైపోతాయి అంటోంది," అన్నారు.

అప్పటికి గానీ నాకు తట్టలేదు. మన దగ్గర నెలకోసారి రీచార్జి చేస్తే ఎంతసేపు మాట్లాడినా ఒకటే. అక్కడి రైతులు నిమిషాల లెక్కన కొనుక్కుంటారు. డీలరుది కంపెనీ ఫోన్ కాబట్టి ఆయనకూ తోచలేదు. పద్దెనిమిదేళ్లు సర్క్యూట్ల గురించి పాఠాలు చెప్పిన నేను, ఫోన్ చేసేవాళ్లకు ఖర్చవుతుందన్న సంగతి మర్చిపోయాను.

మేస్త్రిగారికి మాత్రం ఇది కొత్తగా అనిపించలేదు. "మన దగ్గరా అంతే కదమ్మా ఒకప్పుడు. మా ఆవిడ పుట్టింటికెల్తే, ఒక మిస్డ్ కాలిస్తే బస్సెక్కినట్టు, రెండిస్తే దిగినట్టు. పెట్టెను ఎత్తద్దనండి. రింగయితే మోటారేసేసి, అదే తిరిగి ఒక మిస్డ్ కాల్ ఇస్తే సాలు. కరెంటు లేపోతే రెండు."

డీలరు షాపు వెనక గదిలో రెండు రోజులు కూర్చుని ప్రోగ్రాం తిరగరాశాను. ఆ రెండు రోజులూ నేను నిజంగానే కూర్చున్నాను. మూడోనాడు ఆవిడ పొలంలో పెట్టె మార్చాం. ఆవిడ ఫోన్ చేసింది, ఒక రింగుకు మోటారు అందుకుంది, వెంటనే ఆవిడ ఫోన్ ఒకసారి మోగి ఆగింది. ఆవిడ మళ్లీ ఫోన్ చేసి ఆపింది, ఇంకోసారి చేసి వేసింది. ఆరుసార్లు. తర్వాత మేస్త్రిగారి చెయ్యి పట్టుకుని స్వాహిలీలో ఏదో చెప్పింది. ఆయన తెలుగులో "మంచిదమ్మా, నీళ్లు బాగా పెట్టుకోండి" అన్నారు. ఆ మాటలు ఎవరూ అనువదించలేదు.

తిరిగొచ్చాక విశాఖ అమ్మాయికి ఫోన్ చేసి, నీ గొంతు తీసేశామని చెప్పాల్సి వచ్చింది. ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు వాయిదా వేశాను. ఆ అమ్మాయి అంతా వింది. తర్వాత అంది, "మా అమ్మ కూడా నాకు మిస్డ్ కాలే ఇస్తుంది. నేనే తిరిగి చేస్తాను. అయినా ఆ రోజు నాకు గుర్తు రాలేదు, చూశారా."

వెనక్కి వచ్చిన పెట్టెలన్నీ మళ్లీ పొలాలకు వెళ్లాయి. డీలరు ఇంకో నలభై అడిగారు. వందల్లో అడుగుతారని నేను ఆశపడిన మాట నిజం. మా ఆయన మాత్రం, "నలభై తర్వాత నలభై వచ్చింది కదా, అది చాలదా?" అన్నారు.

చాలదు. ఈమధ్య నేపాల్ నుంచి ఒకరు అడిగారు. ఈసారి పెట్టె కంటే ముందు మేస్త్రిగారు వెళ్లారు. పదకొండు రోజులైంది. పొద్దున ఫోన్ చేసి, "ఇక్కడ ఒక మోటారు నలుగురిదమ్మా, వంతులేసుకుని వాడతన్నారు. ఎవరి ఫోన్‌కి పలకాలో పెట్టెకెలా తెలుస్తాది? ఏటీ పంపకండి, నేనింకా సూస్తన్నాను," అన్నారు. సరేనని ఫోన్ పెట్టేసి, నాలుగు నంబర్లు పట్టే ప్రోగ్రాం అప్పుడే మొదలుపెట్టేశాను.