ఠాణా వెనక సందులో ఇల్లు

ఆ రోజుల్లో కాపురం మార్చడమంటే ముందు వీధిని వెదకడం, తర్వాత ఇంటిని వెదకడం. ఈ కాలపు పిల్లలు ఫోనులో బొమ్మ చూసి బెంగుళూరులో ఇల్లు మాట్లాడుకుంటున్నారు. ఆ వీధి ఎటువంటిదో సామాన్లు దించిన తర్వాత తెలుసుకుంటున్నారు. వారిని తప్పు పట్టను. వీధిని వెదికి మరీ చేరిన నాకు జరిగినదేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పుంగనూరులో పుట్టి పెరిగి, కుప్పంలో తొలి ఉద్యోగంలో చేరి, ఆ పక్క పల్లెలోనే పెళ్లి చేసుకున్న నాకు 1978 జూన్‌లో మదనపల్లెకు బదిలీ అయింది. (ఉత్తరువు ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది, అనుమానమున్నవారు వచ్చి చూడవచ్చు.) మద్రాసు, బెంగుళూరు చూసినవారు నవ్వుతారేమో గాని, మా దిక్కువారికి అప్పట్లో మదనపల్లె మహానగరం. ఒకటికి మించి సినిమా హాళ్లు, పొద్దుపోయినా ఆగని బస్సులు, అన్నిటికంటే ముఖ్యంగా ముఖపరిచయం లేని మనుషులు. ఎదురుపడిన మనిషి ఎవరి కొడుకో చెప్పలేకపోతే అది నగరమని మా లెక్క.

నా ఉద్యోగం పంటల దిగుబడి కట్టడం. వేరుశనగ పొలంలో ఒక చదరం కొలిచి, హద్దులు వేసి, అందులోని చెట్లు పీకించి, కాయలు తూచి, దాన్నిబట్టి తాలూకా మొత్తానికి ఎంత పండుతుందో చెప్పాలి. అందుచేత కొలిస్తే తెలియనిది లోకంలో లేదన్న నమ్మకం ఆ వయసులోనే నాలో గట్టిపడింది. ఆ నమ్మకానికి తొలి పరీక్ష మా మామగారి రూపంలో వచ్చింది. నా భార్య పురుటికి పుట్టింట్లో ఉంది. మా పాపకు అయిదో నెల. మామగారికి మల్బరీ తోట, పట్టుపురుగుల పెంపకం. చీమలు ఎక్కకుండా పురుగుల తట్టలున్న బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టి, ఆ నీళ్లు ఇంకకుండా రోజంతా చూసుకునే మనిషి. కూతురిని పంపే ఊరి చుట్టూ కూడా నీళ్లు పోయించమని అడగలేదు గాని, అడిగినంత పని చేశారు. పైగా ఆయన ఒకసారి మదనపల్లెలో బస్సు దిగుతూ జేబు కత్తిరింపించుకున్నారు. దొంగకు దక్కింది ముక్కుపొడి డబ్బా.

"వాడు ఇంగా తుమ్ముతానే ఉంటాడు. అట్లాంటి ఊరికా బిడ్డను పంపేది? నువ్వు ముందు పోప్పా. మంచి తావు సూడు. నేనొచ్చి సూస్తా. నా మనసుకు సరిపోతే పంపుతా. లేకుంటే తల్లీబిడ్డా ఈడే ఉంటారు. మాకేం బరువు గాదు," అన్నారు మామగారు.

ఆ చివరి మాట నాకు బరువైంది. నన్ను చూస్తే పాప అప్పటికే కొత్తవాడిని చూసినట్టు ఏడ్చేది. ఇంకొక ఆర్నెల్లు ఇట్లాగే గడిస్తే "ఎవరీయన?" అని అడిగే వయసు వస్తుందని నా భయం. కాబట్టి మదనపల్లె చేరిన మరునాటి నుంచే, ఆఫీసు వదలగానే వీధులు కొలవడం మొదలుపెట్టాను. ఏ వీధిలో ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి, ఏ గోడ ఎంత ఎత్తు, ఏ సందుకు ఎన్ని దారులు: ఒక్కటీ వదలలేదు. దీపాలు లెక్కపెడుతుంటే ఒక పెద్దాయన నన్ను కరెంటు ఆఫీసు మనిషిననుకొని, తన ఇంటి ముందు బల్బు పోయిన చరిత్రంతా చెప్పి, "ఈసారైనా ఏసిపోండప్పా" అని చేతులు పట్టుకున్నాడు. అయినా ఇవన్నీ పరోక్ష సాక్ష్యాలు. అసలు అంకెలుండేది పోలీసుల దగ్గర. అందుకని ఒక సాయంత్రం మా ఆఫీసు దిక్కున ఉండిన చిన్న ఠాణాకు వెళ్లాను. (ఆ ఠాణా ఇప్పుడు లేదు.) అక్కడ పొడుగాటి మీసాల హెడ్డు కానిస్టేబులు టీ తాగుతున్నాడు.

"ఏం పోయిందప్పా?" అన్నాడు.

"ఏమీ పోలేదండీ."

"కొట్లాటనా?"

"కాదండీ."

"మరి యాల వచ్చినావు?"

"ఈ ఊళ్లో ఏ వీధిలో ఎన్ని దొంగతనాలు జరిగినాయో అంకెలు కావాలండీ."

హెడ్డు టీ గ్లాసు కింద పెట్టాడు. "యాడ దొంగతనం సేస్తే బాగుంటాదో సూసుకునేకా? ఉండుండు. పొద్దుగూకినాక లైట్లు ఎంచుకుంటా, గోడలు కొలుసుకుంటా తిరిగేది నువ్వేనా? నీమింద ఈ వారంలో రెండు ఫిర్యాదులొచ్చినాయి!"

నా గుర్తింపు కార్డు, బదిలీ ఉత్తరువు, పాప ఫొటో చూపించిన తర్వాత ఆయన మనసు కరిగింది. వీధి వీధికీ నోటిలెక్క చెప్పుకుంటూ వచ్చి, చివర అన్నాడు: "అన్నీ యాల? మా ఠాణా ఎనకాల సందు తీసుకో. నేనీడికి వచ్చినప్పట్నుంచి ఒక్క కేసు లేదు. రాసుకో. సున్నా."

సున్నా అన్న అంకెలో ఎంత అందముందో ఆనాడు తెలిసింది. ఆ సందులో ఖాళీగా ఉన్న ఇంటి యజమాని నేను అడగడమే ఆలస్యమన్నట్టు తాళంచెవి నా చేతిలో పెట్టి, నేను మనసు మార్చుకుంటానేమోనని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. అప్పుడైనా అనుమానించవలసింది. దొంగతనాలెన్ని అని అడిగానే గాని కాపురాలెన్ని అని అడగలేదు. సందులో ఉన్నవి మూతపడిన చింతపండు గోదాము, పైకప్పు లేని ఒక కొట్టం, నా ఇల్లు. విత్తనమే వేయని చేనిలో తెగులు లేదని రాసుకుని మురిసినవాడిని నేనొక్కడినే అయివుంటాను.

ఆ సందులో ఎవరూ ఎందుకు ఉండరో వారం తిరగకముందే తెలిసింది. పోలీసులు ఏ సరుకు పట్టుకున్నా, ఫలానావారి ఎదుట పట్టుకున్నామని పంచనామా రాసి, కింద ఇద్దరు పెద్దమనుషులతో సంతకం చేయించాలి. ఠాణాకు దగ్గరలో ఉండే పెద్దమనిషికి ఈ గౌరవం ముందుగా దక్కుతుంది. ఆ గౌరవం పడలేకనే పూర్వపు పెద్దమనుషులంతా వేరే వీధులు చూసుకున్నారు. ఒక ఉదయం ఇడ్లీ తుంచుతుండగా కానిస్టేబులు వాకిట్లో నిలబడ్డాడు. "సార్, సిన్న సంతకం." తంబళ్లపల్లె దిక్కు నుంచి లారీ ట్యూబులో సారాయి తెస్తుంటే పట్టుకున్నారట. కాగితం మీద "సుమారు ఇరవై లీటర్లు" అని ఉంది. నేను సంతకం పెట్టి వచ్చేసివుంటే ఈ కథ అక్కడితో ముగిసేది. కాని ఆ "సుమారు" అన్న మాట నాకు మింగుడు పడలేదు. లీటరు కొలపాత్ర తెప్పించి, ట్యూబు విప్పించి, ఆ వాసనకు ముక్కు మూసుకుని కొలిపించాను. ట్యూబు రంగు, అతుకులు, మూతి వెడల్పు అన్నీ చేర్చి పంచనామా తిరగరాశాను. హెడ్డు దాన్ని రెండుసార్లు చదువుకుని, "ఇన్నేండ్ల సర్వీసులో ఇట్లాంటి పంచు సాక్షిని సూడలేదప్పా!" అన్నాడు. ఆ మెప్పుకు నేను పొంగిపోయాను. ఆ తర్వాత సైకిలు పట్టుకున్నా, పేకముక్కలు పట్టుకున్నా నేను లేకుండా ఆ ఠాణాలో కలం కదలలేదు.

ఇట్లా ఉండగా ఒక ఆదివారం పొద్దున ఆవు దొంగతనం కేసు వచ్చింది. దొరికింది పుంగనూరు ఆవు. మా ఊరి ఆవులు పొట్టివని అందరికీ తెలుసు. ఎంత పొట్టివో అంకెల్లో చెప్పగలవాడిని నేనేనని హెడ్డు నమ్మకం. "ఒక ఆవు" అని రాస్తే కోర్టులో ఏ ఆవైనా కావచ్చు కదా! అందుకని ఠాణా ఆవరణలో ఒక చేత్తో పలుపు, ఇంకొక చేత్తో టేపు పట్టుకుని దాని ఎత్తు కొలుస్తున్నాను. అది నిలవడం లేదు. పట్టుబడిన ఇద్దరిలో ఒకడు జాలిపడి, "ఇట్లియ్యన్నా, ఆ కొస నేను పట్టుకుంటా. ఇది నా మాటింటాది," అని సాయం వచ్చాడు. రెండోవాడు ఆవును దువ్వుతున్నాడు. ముగ్గురం ఒక కుటుంబంలాగా ఆ పనిలో మునిగివుండగా, అల్లుడు ఉత్తరంలో రాసిన మంచి తావును పరిశీలించడానికి చెప్పకుండా బయల్దేరిన మా మామగారు, రాగిపిండి మూట భుజాన వేసుకుని ఠాణా గేటు ముందుగా నడిచి వచ్చారు. (ఇది నాకు తర్వాత తెలిసింది.) ఆయన గేటు దగ్గర నిలబడ్డారు. ఆవును చూశారు. అటూ ఇటూ ఉన్న దొంగలను చూశారు. నడుమ నన్ను చూశారు. వెనుదిరిగి కుప్పం బస్సెక్కారు.

మూడు రోజుల తర్వాత నేను ఠాణా లోపలి గదిలో ఏదో పంచనామా రాస్తుండగా, బయట హెడ్డు గొంతు వినిపించింది.

"ఎవురు కావాలమ్మా?"

"మా ఇంటాయన."

"పేరు?"

మా దిక్కు ఆడవారు అప్పట్లో భర్త పేరు నోటితో పలికేవారు కాదు.

"పేరు సెప్పకుంటే ఎవురినని యెతికేదమ్మా? ఏం కేసు?"

"అది మీరే సెప్పాల. పుంగనూరాయన. పొట్టిగా ఉంటాడు. యాడ ఏముండాదో అంతా కొలస్తాంటాడు."

"ఓ! ఆయప్పనా! లోపలుండాడమ్మా."

"ఏం సేసినాడు సార్?"

"సంతకాలు సేసినాడు."

"దొంగ సంతకాలా?"

నేను పరుగున బయటికి వచ్చాను. గడపలో నా భార్య, చంకలో పాప. నన్నూ, నా చెవి మీది కలాన్నీ, నాకోసం టీ తెస్తున్న కానిస్టేబులునూ వరుసగా చూసి, ఆమె బెంచీ మీద కూలబడింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పాపను నా చేతికిచ్చి, కొంగుతో ముఖం కప్పుకుంది. "మూడు దినాలుగా మా ఇంట్లో పొయ్యి సరింగా ఎలగలేదు. నా కండ్లతో సూసినా, ఆవు దొంగతనం అన్నాడు నాయన. ఇంగ బిడ్డ ఈడే ఉంటాది అన్నాడు. అమ్మకు సెప్పి, నాయనకు సెప్పకుండా బస్సెక్కినా," అంది. హెడ్డు తన మీసాన్ని ఎటు తిప్పాలో తెలియక గోడవైపు తిరిగాడు. నా చేతుల్లో పాప గట్టిగా ఏడుస్తూ ఉంది. ఆ క్షణాన నా దగ్గర చెప్పడానికి ఒక్క అంకె కూడా లేదు.

ఇల్లు చూపించాను. ఆమె సందులో ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, "మనుషులేరీ?" అని అడిగింది. తర్వాత చెప్పింది: బస్సు దిగి దారి తప్పి గాజుల అంగళ్ల వెనక సందులో దూరిందట. అరుగు మీద కూర్చున్న ఒక ముసలామె (సందంతా ఆమెను నానీ, అంటే అమ్మమ్మ, అని పిలుస్తుంది) "కౌన్? ఎవురు బేటీ నువ్వు? ఇంత ఎండలో పసిబిడ్డనెత్తుకోని యాడికి?" అని ఆపి, ఇంట్లోకి తీసుకుపోయి, పాపకు పాలు పట్టించి, ఒంటరిగా వచ్చినందుకు చీవాట్లు పెట్టి, ఠాణా దాకా మనుమరాలిని తోడు పంపిందట. "ఆ సందులో ఇల్లు సూడు," అంది నా భార్య.

"అక్కడ మూడు దొంగతనాలున్నాయి. హెడ్డుగారే చెప్పినారు," అన్నాను.

"ఏం పోయినాయంట?"

"ఒక ఇత్తడి చెంబు. ఒక దుప్పటి. ఒక కోడి."

"కోడి పోయిందని ఠాణాకు పోయినారా?"

"పోయినారు. సందు సందంతా కలిసి పోయినారట."

"అట్లయితే ఆడే ఉందాం."

ఆ సందులో ఇల్లు వెదికాను. ఒక గది, ఒక వంటిల్లు, ముందు అరుగు: నానీ ఇంటి పక్కనే దొరికింది. నేను దొంగను కాను, సాక్షిని మాత్రమేనని కుప్పం బస్సు కండక్టరుతో మా అత్తగారికి కబురు పంపింది నా భార్య. ఆ కబురును మామగారు నమ్మలేదు. కూతురినీ మనుమరాలినీ వెంటబెట్టుకుని సాయంత్రం బస్సుకు తిరిగి పోవాలని నిశ్చయించుకుని ఒక మధ్యాహ్నం దిగారు. నేను ఆఫీసులో, నా భార్య పాపనెత్తుకుని బోరింగు దగ్గర. ఇంటి తలుపు బార్లా తీసివుంది. ఆయన గడప మీద కాలు పెట్టబోతే నానీ అడ్డం వచ్చింది.

"కౌన్ జీ? యాడికప్పా?"

"నా కూతురింటికి."

"కూతురి పేరేమి?"

చెప్పారు.

"అల్లుడేం పని చేస్తాడు?"

వారం రోజులుగా మామగారిని కాల్చుతున్న ప్రశ్న అదే.

"అరే! అది తెలీకుండానే పిల్లనిచ్చినావా?" అని నానీ కేకవేసింది. ఎదురింటి నుంచి ఇద్దరు, పక్కింటి నుంచి ఒకరు వచ్చి నిలబడ్డారు. టీ ఇచ్చారు, విసనకర్ర ఇచ్చారు, మర్యాదగా అరుగు మీద కూర్చోబెట్టారు. గడప మాత్రం దాటనివ్వలేదు. నేను వచ్చేసరికి ఆయన అట్లాగే కూర్చుని ఉన్నారు. నేను క్షమించమన్నాను.

"ఉండనీప్పా," అన్నారు ఆయన. "నేను బిడ్డను కన్న తండ్రిని. తలుపు తీసే ఉండాది. అయినా ఆయమ్మ నన్ను లోపలికి ఇడ్సలే." ఆ మాట రెండుసార్లు అన్నారు. మొదటిసారి కోపంగానే అన్నారు. రెండోసారి అట్లా లేదు.

నా భార్య వచ్చింది. సాయంత్రం బస్సు వెళ్లిపోయింది. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. మామగారు ఆ అరుగు మీదనే పాపను ఒళ్లో పెట్టుకుని, తల వంచి ఆమెతో ఏదో మాట అన్నారు. పాప కిలకిల నవ్వింది. ఈనాడు నేను ఆయన ఆనాటి వయసును దాటి చాలా ఏళ్లయింది. ఆ మాటేమిటో గుర్తు తెచ్చుకోవాలని ఎన్నోసార్లు ప్రయత్నించాను. రాదు. ఎందుకంటే ఆ సమయంలో నేను, మామగారికి అక్కడ పడక సరిపోతుందా అని, అరుగు పొడవును జానలతో కొలుస్తున్నాను. ఆ కొలత ఇప్పటికీ అంగుళాలతో సహా చెప్పగలను. మామగారన్న మాట నా భార్యకు గుర్తుంది. అడిగితే నవ్వుతుంది గాని, చెప్పదు.