మెట్లు ఆరేలోపు

మోర్వెన్ గిల్‌ఫెడర్‌కి ఓడిపోవడం కొత్త కాదు. పదిహేనేళ్ళకే సోషలిస్టు పార్టీలో చేరింది. గ్లాస్గో తూర్పు పేటలో ప్రతి శనివారం, వాన పడినా సరే, సూపర్‌మార్కెట్ ముందు మడత బల్ల వేసుకుని పార్టీ పత్రిక అమ్మేది. కౌన్సిల్‌కి రెండుసార్లు నిలబడింది, రెండుసార్లూ ఓడింది. ఈత కొలను మూయొద్దని గొంతు పోయేలా అరిచింది, మూసేశారు. బస్సు రద్దు చేయొద్దని రోడ్డుకడ్డంగా కూర్చుంది, రద్దు చేశారు.

"నువ్వు దేన్ని కాపాడతానంటే అది పోతుందే పిల్లా! ఈసారి ప్రధానమంత్రిని కాపాడతానని అరిచి చూడు, దేశం బాగుపడుద్ది" అని బస్సు డ్రైవరైన వాళ్ళ నాన్న ఏడిపించేవాడు.

అలాంటి పిల్ల, ఇరవై నాలుగేళ్ళ వయసులో, తన కింది అంతస్తులో ఉండే ఐనా మెక్‌కస్కర్ ఇల్లు పోనివ్వనని మాటిచ్చేసింది. ఇవ్వదూ మరి! ఐనా పెళ్ళయి వచ్చింది ఆ ఇంటికే. మొగుడు పోయిందీ ఆ ఇంట్లోనే. ఇప్పుడెవడో కొత్త యజమాని కొనుక్కుని, ముసలామెను సాగనంపి, సెలవులకొచ్చే వాళ్ళకి రోజువారీ అద్దెకిచ్చుకుంటాడట! ఒళ్ళు మండే సంగతే.

మంగళవారం పొద్దున్నే ఇల్లు ఖాళీ చేయించడానికి కోర్టు మనుషులు వస్తారు. అదే పొద్దున ఐనా తరఫు లాయరు, దాన్ని ఆపమని జడ్జిని అడగబోతున్నాడు. జడ్జి వినేలోపు వాళ్ళు ఐనాను బయటపెట్టి తాళం మార్చారా, ఇక అంతే సంగతులు. ఎలాగైనా ఆ కాసేపు ఆపాలి.

సోమవారమంతా మోర్వెన్ కరపత్రాలు పట్టుకుని వీధి వీధంతా తిరిగింది. 'పాపం ముసలామె' అన్నారు, తలుపులు వేసుకున్నారు. చివరికి పై అంతస్తులో నెట్టా రాబ్ గుమ్మం ముందు నిలబడింది. నెట్టా పుట్టి బుద్ధెరిగాక కన్సర్వేటివ్‌లకు తప్ప ఎవరికీ ఓటెయ్యలేదు. మోర్వెన్ పత్రికను కుక్కపిల్ల కింద పరుస్తానని మొహం మీదే చెప్పిన మనిషి.

"ధర్నా అంటే ఎవరొస్తారే? మనవాళ్ళకి సిగ్గు. జెండా చేతికిస్తే చచ్చిపోతారు" అంది నెట్టా.

"అయితే నన్నేం చెయ్యమంటారు?"

"ఆ ఎర్ర కాగితాలు అవతల పారేసి లోపలికి రా. కత్తెర పట్టు."

తలుపు పిడికి తాడుతో వేలాడే అట్టముక్క సంగతి మా గ్లాస్గో వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. 'ఈ వారం మెట్లు కడిగే వంతు మీది' అని ఉంటుంది దాని మీద. వంతు తప్పితే దేవుడైనా క్షమిస్తాడేమో గాని ఎదురింటావిడ క్షమించదు. జన్మలో ఓటెయ్యని వాడు కూడా ఆ అట్టకు భయపడతాడు. ఆ సాయంత్రం నెట్టా, మోర్వెన్ కలిసి అలాంటివి కుప్పలు కుప్పలుగా కత్తిరించి వీధిలో ప్రతి తలుపుకీ తగిలించారు. 'రేపు పొద్దున మీ వంతు. ఐనా వాళ్ళ మెట్లు' అని రాశారు.

వచ్చారండీ! బకెట్లతో, తుడుపుకర్రలతో, మొహాలు ముడుచుకుని అందరూ వచ్చారు! కోర్టు మనుషులు ఇద్దరు తాళాల అతన్ని వెంటేసుకుని వచ్చేసరికి, పైనుంచి వీధి గుమ్మం దాకా మెట్ల మీద సబ్బు నురగ కారుతోంది. ఇద్దరిలో పెద్దాయన కాలెత్తాడు.

"ఆగక్కడ! తడి మెట్లు కనపడ్డంలా? నిన్ను కన్నావిడ నీకు నేర్పింది ఇదేనా?" అని పైనుంచి నెట్టా ఒక్క కేక వేసింది.

ఆయనదీ గ్లాస్గోయే. ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి తీసుకుని, "తప్పైందమ్మా" అన్నాడు.

"సార్, మన దగ్గర ఆర్డరుంది కదా?" అని కుర్ర ఉద్యోగి గొణిగాడు.

"ఆరనివ్వయ్యా! కొంప మునిగిందా?"

ఆరనిస్తేగా! పైన ఆరేలోపు కింద నీళ్ళు పడుతున్నాయి. "అక్కడ మరకుందే, మళ్ళీ తోము!" అని ఒకావిడ, "ఆ మూల నీ మొగుడు కడుగుతాడా?" అని ఇంకొకావిడ. మోర్వెన్ సంతోషం పట్టలేక నినాదం ఎత్తుకోబోయింది. "నోరు మూసుకుని తుడువ్!" అంది నెట్టా.

ఎంత ఓపికకైనా ఓ హద్దుంటుంది. పెద్దాయన నిట్టూర్చి, వంగి, బూట్లు విప్పాడు. వాటిని పద్ధతిగా గోడవారన పెట్టి, మేజోళ్ళతో మొదటి మెట్టెక్కాడు. అందరి చేతులూ ఆగిపోయాయి. మేజోళ్ళతో ఎక్కుతున్న మనిషిని ఏమని తిడతాం?

ఇదీ పోయింది, ఐనా వాళ్ళ ఇల్లు కూడా పోయింది అనుకుంది మోర్వెన్. అనుకుంటూనే వెళ్ళి ఆయనకడ్డంగా ఆ నురగలో చతికిలబడింది. తర్వాత నెట్టా, చట్టమంటే ప్రాణమిచ్చే నెట్టా, నొప్పుల మోకాళ్ళు పట్టుకుని దిగివచ్చి ఆమె పక్కన కూలబడింది. ఆ తర్వాత వీధి వీధంతా మెట్ల మీద కూర్చుంది.

"లేవండమ్మా" అని బతిమాలాడు పెద్దాయన. "అరెస్టు చేయించాల్సొస్తుంది."

"చేయించు నాయనా. బట్టలు ఎలాగూ తడిశాయి" అంది నెట్టా.

కుర్రాయన పోలీసులకు ఫోన్ తీస్తుండగా మోర్వెన్ ఫోన్ మోగింది. లాయరు! జడ్జి ఆపేశాడు. ఐనాను కదిలించడానికి వీల్లేదు. మోర్వెన్ ఫోన్‌ను పెద్దాయన చేతిలో పెట్టింది. ఆయన విని, తలూపి, బూట్లు తొడుక్కున్నాడు. అప్పుడు లేచిన అరుపులకు వీధి చివర బేకరీలోంచి జనం పరిగెత్తుకొచ్చారు.

ఐనా తలుపు తెరిచింది. ఆమె వెనక బతుకంతా సంచుల్లో మూటగట్టి ఉంది. "అందరికీ టీ పెట్టాలి. కెటిల్ ఏ సంచిలో పెట్టానో గుర్తు రావట్లేదే" అంది.

మోర్వెన్ ఒక్కో సంచీ విప్పి వెతికింది. ఐనా మొగుడి స్వెట్టర్లో చుట్టి ఉంది కెటిల్. దాన్ని తీసి, నీళ్ళు పట్టి, వంటింటి గోడ దగ్గర దాని చోట్లో పెట్టింది. పెట్టి, ఒక్కసారిగా భోరుమంది.

"అదేంటే పిల్లా, గెలిచినవాళ్ళు ఇలా ఏడుస్తారా?" అంది ఐనా, కంగారుగా.

"నాకేం తెలుసు? నాకిదే మొదటిసారి" అంది మోర్వెన్.