పసుపు పొట్లంలో వచ్చిన లడాయి

చైనాతో లడాయి మొదలైందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా పక్కింటి పెద్దవ్వ. ఆమెకు చదువు రాదు. కబురు ఆమె చేతిలో పసుపు పొట్లంగా ఉంది. పసుపును సీసాలో పోసి, కాగితాన్ని తొడ మీద పెట్టి అరచేత్తో సాపు చేసి, "గిండ్ల ఏమున్నదో జర సదువు బిడ్డా" అని నా ముందుకు జరిపింది.

అప్పుడు మేము చెన్నూరులో ఉండేవాళ్ళం. మాది దసలి పట్టు మగ్గం. పట్టుకాయల్లోంచి మాకు దారం తీసి ఇచ్చేది పెద్దవ్వ. భర్త లేడు. ఒక్కడే కొడుకు, మగ్గాన్ని నమ్ముకుంటే పూట గడవదని మిలిటరీలో చేరాడు. వాడి ఆఖరి ఉత్తరం మంచు కొండల నుంచి వచ్చింది.

నేను బడికి పోలేదు. దేవుని పాటలు చదువుకుంటానని బాపు ఇంట్లోనే బియ్యంలో అక్షరాలు దిద్దించాడు. ఆ చదువు ఇంకొకరికి కూడా అక్కరకు వచ్చినందుకు ఈనాటికీ ఆయనకు దండం పెట్టుకుంటాను.

మా వాడకట్టులో పేపరు కొనేవాళ్ళు లేరు. దుకాణపాయన పాత పేపర్లు తూకానికి తెప్పించేవాడు. లోకం మాకు వాటిలోంచే, వారాలు, ఒక్కోసారి నెలలు ఆలస్యంగా, చింతపండు మరకలతో వచ్చేది. తారీఖు మిగిలిన ముక్కలు తక్కువ. ఏదో దేశంలో రాజును గద్దె దింపారని ఒక పొట్లంలో చదివితే పెద్దవ్వ, "ఆనికి గూడ కన్న అవ్వ ఉండె గావచ్చు" అంది. తలనూనె ప్రకటన చదివినప్పుడు మాత్రం తన పలచటి జుట్టు తడుముకుని నవ్వింది.

లడాయి ఆగిందని పంచాయతీ రేడియో చెప్పిన రోజు ఆమె వాడంతా బెల్లం పంచింది. ఆ తర్వాత ఉత్తరం రాలేదు, తార్, అదే టెలిగ్రాం, వచ్చింది. కొడుకు ఆచూకీ లేదట. ఎండలు ముదిరేసరికి, వాడు బతికి లేనట్టేనని సర్కారు కాగితం కూడా వచ్చింది.

కులపెద్దలు వచ్చి కూర్చున్నారు. దేహం దొరకనివానికి మోదుగాకులతో మనిషి బొమ్మ చేసి గోదావరి ఒడ్డున దహనం చేయాలని, లేకపోతే వాని జీవి తావు లేక తిరుగుతుందని చెప్పారు. పెద్దవ్వ ఒప్పుకోలేదు. మన జవాన్లు ఒక కొండ మీద ఇంకా నిలబడి కొట్లాడుతున్నారని ముందురోజే ఉప్పు పొట్లంలో నేను ఆమెకు చదివి వినిపించాను. అది పాత పేపరని పెద్దలు నచ్చజెప్పబోయారు.

"పాతదే గానియ్యి," అంది ఆమె. "పొట్లాలల్ల లడాయి ఇంక నడుస్తున్నది. నడిచినన్నొద్దులు నా కొడుకు ఆడ ఉన్నట్టే. ఆగిందని గీ బిడ్డ సదివిననాడు బొమ్మ చేస్త."

ఒకాయన గొణిగాడు గానీ, ఆగుదామనే అందరూ లేచారు. అప్పటినుంచి పెద్దవ్వ నాలుగు మిరియాలు కావాలన్నా పొట్లం కట్టించుకునేది. ప్రతి పొట్లం విప్పేముందు నేను లోలోపల దేవుణ్ణి తలుచుకునేదాన్ని. ఇంకొక పూట, ఇంకొక పూట అని.

ఒక మధ్యాహ్నం ధనియాల పొట్లం తెచ్చింది. కాల్పులు ఆగాయని పెద్ద అక్షరాల్లో ఉంది. కాగితానికి రెండోవైపు సబ్బు ప్రకటన ఉంది, అదే చదివి ఊరుకోవచ్చు. కానీ ఆమె నా నోటిని నమ్మి కూర్చుంది. ఉన్నది ఉన్నట్టు చదివాను.

"మళ్ళొకసారి సదువు."

చదివాను. ఆమె ధనియాలను కొంగులో పోసుకుని లేచింది. "మోదుగాకు తెప్పియ్యమను" అంది.

పొద్దుగూకే వేళకు దుకాణపాయన మా గడప దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ఆమె పెద్దలతో అన్న మాట విని, లడాయి ఆగిన నాటి పేపర్లన్నీ ఆయన ఏరి గల్లా కింద దాచాడట. తాను భోజనానికి లేచినప్పుడు, సంగతి తెలియని కోడలు ఒకటి తీసి కట్టింది. "ఆమెకు నా మొఖమెట్ల సూపియ్యాలె" అన్నాడు. పెద్దవ్వ ఇంటివైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. అన్నాళ్ళు ఆమెకు కొడుకును మిగిల్చింది ఆ మనిషే. ఆయన మేలు నేను మరువలేదు.

బొమ్మ మీద పెద్దవ్వ తను తీసిన దారంతో నేసిన దసలి ముక్క కప్పింది. ఆమె అన్నగారి కొడుకు నిప్పు పెట్టాడు. ఆకు పచ్చిది, పొగ లేచిందే తప్ప మంట తొందరగా అందుకోలేదు. "ఆనికి మనసొప్పుతలేదు," అంది పెద్దవ్వ, పొగలోకి చూస్తూ.

తర్వాత ఆమె ఏ కాగితమూ నా దగ్గరకు తేలేదు. పొట్లం విప్పి సరుకు పోసుకుని, కాగితాన్ని పొయ్యిలో పెట్టేది. ఇంకొన్నేళ్ళు బతికింది. మంచంలో ఉన్నప్పుడు ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "నేను పోతే వాన్ని యాది చేసేటోళ్ళు ఎవ్వరుండరు బిడ్డా" అంది.

ఏటా మా పెద్దలతో పాటు వాడికీ ఒక పిడికెడు అన్నం పెడుతూ వచ్చాను. నా తర్వాత ఎవరు పెడతారో తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో పొట్లం విప్పుతున్నప్పుడు, మేము విప్పిన ఏ కాగితంలోనూ పేరు రాని ఆ చెన్నూరు పిల్లవాణ్ణి దయచేసి ఒక్కసారి తలుచుకోండి.