స్వరూపక్క చూసిన మూడో పీక్

హన్మకొండ చౌరస్తాకు దగ్గర్లో థీసిస్‌లు బైండింగ్ చేసే దుకాణం ఒకటుంది. నిరుడు ఎండాకాలంలో మా విద్యార్థిని పుస్తకం కోసం అక్కడ నిలబడ్డాను. కాచిన జిగురు, రెక్సిన్, అప్పుడే మిషన్లోంచి వచ్చిన వేడి కాయితం, ఈ మూడూ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. అక్కడికి వచ్చే అందరికీ అది డాక్టరేటు వాసన. నాకు మాత్రం స్వరూపక్క గుర్తొస్తుంది. ఆమె థీసిస్ ఆ దుకాణం దాకా రాలేదు. రాకపోవడంలో నా పాత్ర ఉంది. ఈ మాట ఇంత సూటిగా రాయడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

వరంగల్‌లో ఒక ఫిజిక్స్ ల్యాబ్‌లో ఇద్దరం ఒకే సార్ దగ్గర పరిశోధన చేసేవాళ్లం. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి ఆడపిల్ల ఆమె. నేను చేరేనాటికే ఆమె పరిశోధన మొదలుపెట్టి ఐదేళ్లు నిండాయి. మా పనంతా గాజుపొడితో. కిరణాలు సోకిన గాజుపొడిని మెల్లగా వేడి చేస్తే అది వెలుగు వదులుతుంది. ఎంత వేడి దగ్గర ఎంత వెలుగు వచ్చిందో కంప్యూటర్లో గ్రాఫ్ గీస్తే కొండలాంటి వంపు వస్తుంది. పైకి అది ఒకటే కొండ. నిజానికి దాని కింద రెండో మూడో చిన్న కొండలు ఒకదాన్నొకటి కప్పుకొని ఉంటాయి. వాటిని పీక్‌లంటాం. ఎన్ని ఉన్నాయో, ఏది ఎక్కడ ఉందో విడదీసి, వాటిని కలిపితే మళ్లీ ఆ పెద్ద కొండే వచ్చేలా సరిచూడటం పీక్ ఫిటింగ్. అలాంటి గ్రాఫులు మా దగ్గర మూడు వందలకు పైగా ఉండేవి.

స్వరూపక్క ఒక్కో గ్రాఫు దగ్గర అరగంట, ముప్పావుగంట కూర్చునేది. మిగతా అందరం మేం గీసిన గీత అసలు వంపు మీద ఎంత చక్కగా కూర్చుందో చూసుకొని మురిసిపోయేవాళ్లం. ఆమె మాత్రం అసలు దాంట్లోంచి మా గీతను తీసేసి, మిగిలినదాన్ని వేరే గ్రాఫుగా గీసి చూసేది. నేను చేరిన మొదటి వారంలోనే నాకది నేర్పింది.

"గీత మంచిగ కూసున్నదని మురువకు తమ్మీ. తీసేసినంక ఏం మిగిలిందో సూడు. అసలు ముచ్చట ఆడ ఉంటది."

"మిగిలింది చెత్తనే గదా అక్కా?"

"చెత్తయితే ఎటుపడితే అటు ఉంటది. దినాం ఒక్క తావునే కుప్ప పడ్డదంటే ఎవడో తెచ్చి పోస్తాండన్నట్టు."

నవ్వాను. తల కూడా ఊపాను. కానీ అంత ఓపిక నాకెక్కడిది? నేను రోజూ నెక్కొండ నుంచి రైల్లో వచ్చి పోయేవాణ్ని. సాయంత్రం ప్యాసింజరు తప్పితే తర్వాతి బండికి మూడు గంటలు ప్లాట్‌ఫారం మీద పడిగాపులు కాయాలి. ఆ బండి అందుకోవాలన్న యావే నాకు తెలివి నేర్పింది. మేం వాడే గ్రాఫుల సాఫ్ట్‌వేర్‌లో ఒక సదుపాయం ఉందని కనిపెట్టాను. ఒక గ్రాఫుకు చేసిన ఫిటింగ్‌ను టెంప్లేటుగా దాచుకొని, ఫోల్డర్లో ఉన్న గ్రాఫులన్నింటి మీదా ఒకేసారి నడిపించవచ్చు. మొదటి గ్రాఫును రెండు పీక్‌లతో సరిచేసి, టెంప్లేటు చేసి, బటన్ నొక్కాను. ఆమెకు నెలలు పట్టే పని పది నిమిషాల్లో పట్టికగా వచ్చి కూర్చుంది. ఎక్కడెక్కడ పీక్, ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, చివరి గడిలో ఎంత బాగా కుదిరిందో చెప్పే అంకె. ఆ అంకె ఎంత ఒకటికి దగ్గరగా ఉంటే అంత మంచిది. నాకు అన్నీ ఒకటిని ఆనుకొనే వచ్చాయి.

సార్ ల్యాబ్‌లో అందరినీ పిలిచి ఆ పట్టిక చూపించారు. "ఏండ్లకేండ్లు గీతలు సూసుకుంట కూసున్నవ్ స్వరూపా. పిలగాడు సూడు, ఎంత స్మార్ట్‌గ చేసిండు" అన్నారు. నేను సిగ్గుపడ్డట్టు నటించాను. లోపల మాత్రం ఏనుగెక్కినట్టుంది. ఆ పట్టికతోనే సార్ పేపర్ రాసి పంపారు. నా పేరు ముందు, ఆయన పేరు వెనక.

పేపర్ అంగీకరించారన్న కబురు వచ్చాక ఒక మధ్యాహ్నం అక్క నన్ను తన కంప్యూటర్ దగ్గరికి పిలిచింది. నా ఫిటింగ్‌లో మిగిలినదాన్ని ఒక్కొక్క గ్రాఫుకూ గీసి, అన్నింటినీ ఒకదాని కింద ఒకటి పేర్చింది. ఎడమ పక్కన, తక్కువ వేడి దగ్గర, ప్రతి దాంట్లోనూ ఒక చిన్న బొడిపె. ఒకే చోట.

"మూడోది ఇది. నా థీసిస్‌ల నాలుగో చాప్టర్ మొత్తం దీని మీదనే."

"మరి టెంప్లేటుకు ఎందుకు దొరకలే అక్కా?"

"రెండు దేవులాడుమని చెప్పినవ్, రెండు దేవులాడింది. దాని తప్పేమున్నది?"

నా తప్పు అనలేదు. మూడు రోజుల తర్వాత సార్ మమ్మల్నిద్దర్నీ తన గదికి పిలిచారు. బల్ల మీద అక్క నాలుగో చాప్టర్ ఉంది.

"పేపర్‌ల రెండని రాసినం. నీ థీసిస్‌ల మూడంటవు. సదివినోడు నన్నేమంటడు?" అన్నారామెతో.

"మిగిలినయి ఒక్కసారి సూడుండ్రి సార్. తమ్మికి గూడ చూపిచ్చిన. అడుగుండ్రి."

సార్ నా వైపు తిరిగారు. "ఏమయ్యా, నీకేమన్న కనబడ్డదా?"

నా థీసిస్ మొత్తం ఆ పేపర్ మీదే నిలబడి ఉంది. సబ్మిషన్ ఆర్నెల్లలోకి వచ్చింది. నాన్న అప్పటికే ఊళ్లో అందరికీ డాక్టర్ అవుతున్నాడని చెప్పుకొన్నాడు. ఇవన్నీ ఆ క్షణంలో తలలో తిరిగాయని చెబితే నన్ను నేను వెనకేసుకొచ్చినట్టవుతుంది. నిజానికి ఏమీ ఆలోచించలేదు. "ఏదో నాయిస్ లెక్క ఉన్నది సార్, ఉత్త చెత్త" అన్నాను.

అక్క కాయితాలు సర్దుకొని బయటికి నడిచింది. వరండాలో ఆమె వెనకాలే వెళ్లి ఏదో సంజాయిషీ చెప్పబోయాను. గోడ మీది గడియారం చూసింది. "రైలుకు టైమయితాంది. పో తమ్మీ" అంది. తిట్టినా బాగుండేది.

ఆ చాప్టర్ తీసేసి సబ్మిట్ చేయమన్నారు సార్. ఆమె తియ్యలేదు, సబ్మిట్ చెయ్యలేదు. గడువు రెండుసార్లు పొడిగించుకొని, చివరికి వదిలేసి, హసన్‌పర్తి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో చేరింది. నాకు పట్టా వచ్చింది, ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్లకు ఎక్కడో ఎవరో ఆ మూడో పీక్ గురించి పేపర్ వేశారు. మా పేపర్‌ను పేరుపెట్టి, వీళ్లు దీన్ని గమనించలేదని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. సార్ ఫోన్ చేశారు. "రెండే పెట్టుమని నీకెవరు చెప్పిండ్రయ్యా?" అని నన్నే గదమాయించారు. నాకు కోపం రావాలి. కానీ రెండని పెట్టింది నేనే.

ఒక సైన్స్ డేకి మాట్లాడమని ఆమె పనిచేసే కాలేజీ వాళ్లే నన్ను పిలిచారు. ఆమె అక్కడుందని తెలిసే వెళ్లాను. జుట్టు నెరిసింది. చేతికి సుద్దపొడి. "పెద్ద సార్ అయినవ్" అని నవ్వింది. ఆ కొత్త పేపర్ సంగతి ఎత్తబోయాను.

"సదివిన" అంది. "ఒక్కటడుగుత చెప్పు. రెండున్న కాడ మూడు పెట్టి మళ్ల నడిపిస్తే ఎంతసేపు పడ్తది?"

"పది నిమిషాలు అక్కా."

"గంతే గదా" అంది. గంట కొట్టారు. క్లాసుకు వెళ్లిపోయింది.

ఆ పది నిమిషాలు నేనెప్పుడో వెచ్చించానని ఆమెకు చెప్పలేకపోయాను. సార్ గదిలో అబద్ధమాడిన మర్నాడే టెంప్లేటులో మూడు పెట్టి అన్నింటి మీదా నడిపించాను. మూడోది ప్రతి గ్రాఫులోనూ కుదురుగా కూర్చుంది. మిగిలింది గీసి చూస్తే బొడిపె లేదు. సేవ్ చెయ్యకుండా మూసేసి రైలెక్కాను.

ఇప్పుడు నా విద్యార్థులు వందల గ్రాఫులకు ఒకే బటన్‌తో పట్టికలు తీసి తెస్తారు. నేను పట్టిక పక్కన పెట్టి, మిగిలింది గీసి తెమ్మంటాను. విసుక్కుంటారు, తెస్తారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురికి నిజంగానే కొత్త పీక్‌లు దొరికాయి. ల్యాబ్‌లో దానికి 'సార్ పద్ధతి' అని పేరు పడింది. అది నాది కాదని చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఆమె ఎవరని అడుగుతారు. ఆమె థీసిస్ ఏ లైబ్రరీలో ఉందని అడుగుతారు. అందుకని చెప్పను.